ముళ్ల దువ్వెన

సూదులేమైనా గుచ్చించుకున్నారా అని డాక్టరమ్మ అడిగినప్పుడు సుమిత్ర లేదనే చెప్పింది. అది అబద్ధమని ఆమెకు అప్పుడు తెలియదు.

అడిగింది ఆమెను కాదు, ఆమె కూతురు సృజనను. సృజన గోడకు తల ఆనించి కూర్చుంది. కళ్లు పచ్చబడి వారం దాటింది. అత్తగారు మొదట పసరు తాగించింది, అది కడుపులో నిలవలేదు. అప్పుడు ఆస్పత్రికి తెచ్చారు. రక్తపరీక్షలో హెపటైటిస్ బి అని వచ్చింది.

"పచ్చబొట్టు పొడిపించుకున్నారా? ముక్కు కుట్టించుకున్నారా? బ్యూటీ పార్లర్లో ముఖానికి ఏమైనా చేయించుకున్నారా?"

"ఏం లేదమ్మా," అంది సుమిత్ర. "పచ్చి బాలింత. మా ఇంట్లనే ఉండె. గడప దాటలే."

డాక్టరమ్మ పాత కాగితాలు తిరగేసింది. కడుపుతో ఉన్నప్పుడు చేసిన పరీక్షలో ఈ జబ్బు లేదు. కాన్పు నాడు చేసినదాంట్లోనూ లేదు. భర్త రాజుకు నిన్ననే పరీక్ష చేశారు, అతనికి లేదు. అంటే కాన్పు తర్వాతే ఎక్కడో అంటింది. ఇది రక్తం వల్ల వస్తుందని, భార్యాభర్తల సంబంధం వల్ల వస్తుందని, కంచం వల్లా మంచం వల్లా రాదని డాక్టరమ్మ చెప్పింది. పాపకు పుట్టిన రోజే టీకా పడింది, తల్లి పాలు మానక్కర్లేదంది. పెద్దవాళ్లలో చాలామందికి ఆర్నెల్లలో దానంతటదే పోతుంది, అప్పుడు మళ్లీ పరీక్ష చేద్దామంది.

ఇన్ని మాటల్లోనూ సృజన అత్త కల్పలత ఒక్కటే పట్టుకుంది. మెట్లు దిగింది. ఆటోల దగ్గరికి వచ్చాక పాపను భుజం మార్చుకుని, వియ్యపురాలి వైపు తిరిగింది.

"నా కొడుకుకు లేదు. కాన్పప్పుడు ఈమెకు సుత లేకుండె. నడుమల అయిదు నెలలు మీ ఇంట్ల ఉన్నది. మరి ఏడికెళ్లి వచ్చింది వదినె?"

"ఏడికెళ్లి అంటే నేనేం చెప్త? డాక్టరమ్మకే తెల్వకపాయె."

"డాక్టరమ్మకు తెల్సిందే చెప్పింది. ఇద్దరం విన్నం." కల్పలత గొంతు పెంచలేదు. "మీ బిడ్డను మీరు తోలుకపోండ్రి. తక్కువైనంక మాట్లాడుకుందాం. పాప నాతోని ఉంటది."

"పాలు తాగే పిల్ల వదినె!"

"డబ్బపాలు లేవా?"

సృజన మొగుడి వైపు చూసింది. రాజుకు తిరుమలగిరి లాల్‌బజార్‌లో ఆటోల సామాను దుకాణం ఉంది. గిరాకీతో రోజంతా మాట్లాడే మనిషి. ఆ పూట ఆటో డ్రైవర్‌తో మాత్రం మాట్లాడాడు, లాల్‌బజార్‌కు వస్తావా అని.

*

మౌలాలిలో గుట్ట కింద సుమిత్ర ఇల్లు. భర్త బ్రహ్మచారి రైల్వే వర్క్‌షాపులో కార్పెంటర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. పేరు బ్రహ్మచారి గానీ ఇద్దరు పిల్లల తండ్రి, ఆ పేరు మీద వర్క్‌షాపులో ముప్పయ్యేళ్లు నవ్వులు పడ్డాడు. పెద్దవాడు కిషన్, ఉప్పల్‌లో ఒక ఫైనాన్స్ ఆఫీసులో పని. చిన్నది సృజన.

ఆ ఇంట్లో వాష్‌బేసిన్ పక్కన మేకుకు ఒక నెయ్యి డబ్బా వేలాడుతుంటుంది. దువ్వెనలన్నీ అందులోనే. ఇది నాది, అది నీది అని లేదు. చేతికి ఏది వస్తే దాంతో దువ్వుకుంటారు. ఆదివారం సుమిత్ర డబ్బా మొత్తం బకెట్లో బోర్లించి, కుంకుడు రసంలో నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో పళ్ల సందులు రుద్ది ఎండలో పెడుతుంది. ఆమె అత్త అట్లాగే చేసేది. చుట్టాలు వచ్చినా ఆ డబ్బాలో దువ్వెనే తీసుకుంటారు.

కిషన్‌కు పాతికేళ్లు రాకముందే నుదురు పైకి జరగడం మొదలైంది. రెండు సంబంధాలు చూసి తప్పిపోయాయి. రెండో చోట పిల్ల నాయనమ్మ కిషన్‌ను ఎగాదిగా చూసి, "మేనమామ వచ్చిండు సరే, పిల్లగాడేడి?" అని అడిగింది. అందరూ నవ్వారు. కిషన్ కూడా నవ్వాడు. ఇంటికొచ్చి అన్నం తినలేదు.

ఆ తర్వాత ప్యారడైజ్ వైపు ఒక క్లినిక్‌కు పోయాడు. అక్కడ మైక్రోనీడ్లింగ్ అని చేస్తారని ఇంట్లో చెప్పాడు. సన్న సూదులతో నెత్తి మీద గుచ్చుతారు, చర్మం అది దెబ్బ అనుకుని మాన్పుకునేందుకు రక్తాన్ని పంపిస్తుంది, ఆ రక్తానికి పండుకున్న కుదుళ్లు లేస్తాయి, మీద మందు రాస్తే ఇంకా తొందరగా లేస్తాయి. పరీక్షలకు రక్తం ఇచ్చి వచ్చాడు. రెండోసారి పోయి వచ్చాక మాత్రం, వాళ్లంతా బేకార్‌గాళ్లు, అదే పని ఇంట్లో చేసుకోవచ్చు అన్నాడు. ఆన్‌లైన్‌లో ఒక రోలర్ తెప్పించాడు. ప్లాస్టిక్ పిడి, చివర బొటనవేలంత చక్రం, చక్రం నిండా ఇనుప ముళ్లు.

శనివారం సాయంత్రం అద్దం ముందు నిలబడి నుదుటి పై నుంచి నడినెత్తి దాకా నిలువుగా, అడ్డంగా, మూలగా నడిపేవాడు. చర్మం ఎర్రబడి అక్కడక్కడ రక్తం బొట్లుగా పొడిచేది. దూదితో అద్దుకుని, మీద మందు రాసుకునేవాడు. రోలర్‌ను నల్లా కింద కడిగి బాత్రూం కిటికీలో పెట్టేవాడు.

"ఏందిర, కట్టె నున్నగ చేసినట్టు నెత్తికి రందా కొడుతున్నవా?" అన్నాడు బ్రహ్మచారి మొదటిసారి చూసి.

"రందా గాదు నాయినా. రోలర్."

"అయితే రోడ్డేస్తున్నవన్నట్టు. తారు సుత పొయ్యి, నల్లగైతది."

నాలుగో నెలలో నూగు కనిపించింది. ఆ తర్వాత నూగు నల్లబడింది. సుమిత్ర పెదనాయన కొడుకు తుకారాం, చుట్టాలందరికీ సంబంధాలు కుదిర్చే మనిషి, సృజనను తిరుమలగిరికి ఇప్పించిందీ ఆయనే, మల్కాజ్‌గిరి నుంచి హిమజ అని ఒక టీచర్ సంబంధం తెచ్చాడు. పిల్ల ఒప్పుకుంది. శ్రావణంలో ఎంగేజ్‌మెంట్ అనుకున్నారు. బ్రహ్మచారి రోలర్ మీద జోకులు మానేశాడు.

అప్పుడు సృజన కాన్పుకు వచ్చి ఇంట్లోనే ఉంది. పాపకు మూడో నెల దాటాక సృజన జుట్టు పిడికెళ్లతో ఊడటం మొదలైంది. బాలింతకు ఊడుతుందని సుమిత్రకు తెలుసు, మళ్లీ వస్తుందనీ తెలుసు. కానీ అయిదో నెలలో అత్తారింటికి పంపాలి. కణతల దగ్గర చర్మం కనిపిస్తోంది. కల్పలత కళ్లు అలాంటివాటి మీదే పడతాయి. కొడుకు నెత్తి మీద మొలిచింది కళ్ల ముందుంది.

ఒక ఆదివారం దువ్వెనలు కడిగేటప్పుడు సుమిత్ర కిటికీలోంచి రోలర్ తీసింది. దాన్ని కూడా కుంకుడు రసంలో ముంచి, బ్రష్‌తో ముళ్లు రుద్దింది. కూతురిని పీట మీద కూర్చోబెట్టి, జుట్టు పాయలు విడదీసి, కణతల మీద నడిపించింది.

"అమ్మా, మండుతుంది."

"మండితేనే వస్తయి. అన్నకు రాలేదా?"

అట్లా ఆరేడు ఆదివారాలు. పని అయ్యాక దాన్ని కిటికీలో పెట్టకుండా దువ్వెనల డబ్బాలో వేసింది. ఆమె దాన్ని ముళ్ల దువ్వెన అనేది. కిషన్ శనివారం డబ్బాలోంచి తీసుకునేవాడు, అమ్మ సర్దింది కాబోలు అనుకుని మళ్లీ డబ్బాలోనే వేసేవాడు.

*

ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో రోజు ఆదివారం. సృజన లోపలి గదిలో పడుకుని ఉంది. సుమిత్ర దువ్వెనలు బకెట్లో బోర్లించింది. ఒక్కొక్కటే తీసి రుద్దుతుండగా రోలర్ చేతికి వచ్చింది. పిడి జారి చక్రం అరచేతి మీద పడింది. చెయ్యి తీసి చూసుకుంది. వరుసగా చుక్కలు. ఒక్కో చుక్కలోంచి రక్తం వచ్చి నీళ్లలో కలిసింది.

సూదులేమైనా గుచ్చించుకున్నారా అని అడిగింది డాక్టరమ్మ.

సుమిత్ర బకెట్ ముందే కూర్చుండిపోయింది. ఇన్ని నెలలు దాన్ని చేతబట్టింది, కడిగింది, కూతురి తల మీద నడిపింది. సూది అంటే డాక్టర్ దగ్గర ఉంటుంది, లేదంటే బట్టలు కుట్టే పెట్టెలో ఉంటుంది. దువ్వెనల డబ్బాలో ఉన్నదాన్ని ఆమె సూది అనుకోలేదు.

చెయ్యి తుడుచుకుని కిషన్ గదిలోకి పోయింది. అతను మంచం మీద ఫోన్ చూస్తున్నాడు.

"కిషన్, నీకేమన్న జబ్బు ఉన్నదా?"

"ఏం జబ్బు?"

"చెల్లెకు వచ్చిన జబ్బు."

ఫోన్ పక్కన పెట్టాడు. "ఎవరన్నరు?"

"ఎవరనలే. నేనడుగుతున్న. నీ ముళ్ల దువ్వెనతోని సృజనకు జేసిన నేను. ఆదివారం ఆదివారం జేసిన."

కిషన్ లేచి నిలబడ్డాడు. తల్లి చేతిలోని రోలర్ చూశాడు, తల్లి అరచెయ్యి చూశాడు. గదిలోంచి పోయి డెట్టాల్ సీసా తెచ్చి ఆమె చేతి మీద కుమ్మరించాడు. సీసా సగం అయ్యేదాకా ఆపలేదు. ఆమెకు జవాబు దొరికింది.

"నీకెవరు వాడమన్నరమ్మా? నిన్ను వాడమని నేను చెప్పిన్నా? కిటికీల పెట్టుకుంటుంటి. డబ్బల ఎవరేసిండ్రు?"

"నేనే ఏసిన. దువ్వెననుకున్న. నువ్వు చెప్పలేదాయె."

క్లినిక్ వాళ్లు మొదట రక్తపరీక్ష చేశారు. రెండోసారి పిలిచి, మీకు హెపటైటిస్ బి ఉంది, ముందు లివర్ డాక్టర్‌ను కలవండి, అప్పటిదాకా మేం చేయం అన్నారు. ఎప్పటి నుంచి ఉందో తెలియదు, పుట్టినప్పటి నుంచీ ఉండొచ్చు, చిన్నప్పుడు ఏ సూదితోనో వచ్చి ఉండొచ్చు అన్నారు. ఇంట్లో వాళ్లకు చెప్పి అందరికీ పరీక్ష చేయించమన్నారు కూడా. కిషన్ అక్కడి నుంచి వచ్చి రోలర్ ఆర్డర్ పెట్టాడు.

"జుట్టు కోసం జబ్బు దాచినవా?"

"జబ్బుతోని నాకేం తక్లీఫ్ లేదు. జుట్టుతోనే ఉండె," అన్నాడు కిషన్.

"ఇప్పుడు వాళ్లకు చెప్పాలె. సృజన మీద ఏం మాట పడ్డదో తెల్సు గద."

"చెప్త. ఎంగేజ్‌మెంట్ కానియ్యి."

"హిమజకు చెప్పవా?"

"ఆమెకు టీకా ఇప్పిస్త. ఏం కాదు. నేను మొత్తం చదివిన."

బ్రహ్మచారి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో. సుమిత్ర భర్త వైపు తిరిగింది. ఆయన కాసేపు గుమ్మం చెక్క మీద గోటితో గీశాడు.

"ఆడపిల్లది పెండ్లైంది," అన్నాడు. "కోపమొచ్చినా తాపమొచ్చినా ఆ ఇల్లు ఆమెదే. ఎప్పుడన్న సర్దుకుంటది. వీనిది ఇప్పుడు పోయిందంటే మళ్ల రాదు. నెల ఆగు సుమిత్రా. నెలకు ఏమైతది?"

ఇల్లు చిన్నది. గోడకు అవతల సృజన ఉంది. ఆమె లేచి వచ్చి తండ్రి వెనక నిలబడింది. గోడ పట్టుకుంది.

"నెలకు నా బిడ్డ నన్ను మర్చిపోతది నాయినా," అంది.

కిషన్ చొక్కా వేసుకుని బండి తీసుకుని పోయాడు.

సుమిత్ర ఆగింది. ఆ తర్వాత ఎవరైనా అడిగితే ఎందుకు ఆగిందో ఆమె చెప్పలేకపోయేది. రోజూ పొద్దున ఫోన్ పట్టుకుని, కల్పలత నంబరు దాకా పోయి, కింద పెట్టేది. సృజన బాత్రూంలో తలుపు వేసుకుని రొమ్ములు పిండుకునేది. పాలు నీళ్లతో పాటు మోరీలోకి పోయేవి. రెండు వారాలకు పిండేదేమీ మిగల్లేదు. రాజు మొదట రోజూ ఫోన్ చేసి పాపను చూపించేవాడు. తర్వాత రెండు రోజులకోసారి. తర్వాత సృజన చేస్తే గిరాకీ ఉన్నదని పెట్టేసేవాడు.

శ్రావణం ఇంకా వారముందనగా తుకారాం ఫోన్ చేశాడు.

"చెల్లే, కల్పలతమ్మ కూసుందామంటున్నది. ఇద్దరి తరఫున నేనొక్కన్నే ఉంట. పదిమందిలకు పోతే మనకే మంచిగుండదు. ఆదివారం రాండ్రి. కిషన్‌ను సుత తీస్కరా. అన్న ఉంటే పిల్లకు ధైర్నం."

"కూసునుడెందుకన్నా?"

అవతల తుకారాం గొంతు సవరించుకున్నాడు. "విడిపోయినట్టు రాసుకుందామంటున్నది."

*

కల్పలత ఇల్లు దుకాణం పైన. హాల్లో కుర్చీలు వేశారు. చాయ్ వచ్చింది, ఎవరూ ముట్టలేదు. సృజన కళ్లు తెల్లబడ్డాయి గానీ మనిషి సగమైంది. కల్పలత ఒళ్లో పాప ఉంది. సృజన చేతులు చాపితే పాప నానమ్మ కొంగు పట్టుకుని ముఖం తిప్పుకుంది.

కిషన్ తలుపు దగ్గరి కుర్చీలో కూర్చున్నాడు. తలకు నూనె రాసి పాపిట తీశాడు. పాపిట తీసేంత జుట్టు ఇప్పుడుంది.

"నేను ఎవర్ని ఏమంటలేను," అంది కల్పలత. "ఏడికెళ్లి వచ్చిందో చెప్పమను. చెప్తే చాలు. నేను ఆడదాన్ని, నాకు సుత తెలుస్తది. చెప్పకుంటే నా కొడుకు ఎట్ల బతుకుతడు ఆమెతోని?"

సుమిత్ర లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు, బళ్లో పాఠం అప్పజెప్పే పిల్లలా నిలబడింది.

"నేను చెప్త వదినె. అది నా చేతులతోని వచ్చింది. కిషన్‌కు ఉన్నది ఆ జబ్బు. వాడు నెత్తికి వాడే ముళ్ల రోలర్‌తోని సృజన నెత్తి మీద నేను నడిపిన. జుట్టు రావాలని. నీ ముందటికి పల్చని నెత్తితోని పంపొద్దని."

కల్పలత ఆమెను చూసింది. కోపం రాలేదు. జాలి లాంటిదే వచ్చింది.

"వదినె," అంది, "నీ జాగల నేనున్నా గిట్లనే చెప్తుంటి. బిడ్డను బతికించుకునుడు కోసం కొడుకు మీద పెడుతున్నవ్. తల్లి మాట ఇది. నేను పట్టించుకోను."

"పాపం తగుల్తది, అబద్ధం గాదు."

"ఏమే, నీకేమన్న పిచ్చి లేసిందా?" అన్నాడు బ్రహ్మచారి. అందరి వైపు తిరిగాడు. "తిండి లేదు, నిద్ర లేదు. ఏం మాట్లాడుతుందో ఆమెకే తెల్వదు."

తుకారాం చేత్తో ఆయన్ను ఆపాడు. "నువ్వుండు బావా. పిల్లగాడు ఇక్కడనే ఉన్నడు గద. ఏం కిషన్? అమ్మ చెప్పేది నిజమేనా?"

సృజన అన్న వైపు చూసింది. ఆ పూట అత్తారింట్లో అడుగు పెట్టాక ఆమె తలెత్తి చూసింది అదే మొదటిసారి.

"అమ్మ పరేషాన్ల ఉన్నది మామా," అన్నాడు కిషన్. "ఎవరేం చెప్పిండ్రో."

సృజన తల దించుకుంది.

"అయితే సుమిత్రదే తప్పు మాట," అన్నాడు తుకారాం. ఆయన అక్కడితో వదిలేసేవాడే. కానీ రెండు సంబంధాలూ ఆయన చేతి మీద కుదిరినవి. రెంటిలో ఏది చెడినా నలుగురిలో అడిగేది ఆయన్నే. చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు. "తప్పో ఒప్పో మనం అనుకునుడెందుకు? మెయిన్ రోడ్డు మీద ల్యాబ్ ఉన్నది. ఆదివారం సుత తెరిచే ఉంటది. పొయ్యి జెర రక్తమిచ్చి రా కిషన్. అందాక మేం కూసుంటం. నీకు లేదంటే మీ అమ్మ నోరు మూసుకుంటది, కల్పలతమ్మ మాట నిలుస్తది. ఉన్నదంటే పిల్ల మాట నిలుస్తది. రాజు, కిషన్‌ను తీస్కపో."

రాజు లేచాడు. కిషన్ కూడా లేచాడు. స్టూలు మీది హెల్మెట్ తీసుకున్నాడు. "కింద ఉంట," అని మెట్లు దిగాడు. రాజు చెప్పుల కోసం వంగాడు. చెప్పు రెండో కాలికి తొడిగేలోపు కింద బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది. చప్పుడు లాల్‌బజార్ సందు చివరి దాకా పోయి మలుపు తిరిగింది.

రాజు ఒక చెప్పుతో నిలబడి ఉన్నాడు. కిటికీ దగ్గరికి పోయి కిందికి చూశాడు. తిరిగొచ్చి సృజన ముందు నిలబడ్డాడు. అమ్మ వైపు చూశాడు.

పాప ఏడవడం మొదలుపెట్టింది. కల్పలత భుజాన వేసుకుని వీపు తట్టింది.

"సరే," అంది చివరికి. "పిల్ల తప్పు లేదు. నా నోటితోని అన్నదానికి నేను బాధపడుత." పాపను రెండో భుజానికి మార్చుకుంది. "ఉండనియ్యండ్రి ఆమెను. ఇవ్వాళ్టి నుంచే ఉండనియ్యండ్రి. గానీ ఒక మాట. జబ్బు వచ్చింది మీ ఇంట్లకెళ్లి. జబ్బును దాచింది మీ ఇంట్ల. ఇప్పుడు నా కండ్ల ముందట అబద్ధమాడింది సుత మీరే, తండ్రీ కొడుకు ఇద్దరు. ఆ గడప నా కోడలు తొక్కొద్దు, నా మనవరాలు తొక్కొద్దు. పండుగ లేదు, పబ్బం లేదు. మీరు ఇక్కడికి వచ్చుడు లేదు."

"కల్పలతమ్మా, జబ్బు గట్ల అంటదని డాక్టర్..." అన్నాడు తుకారాం.

"డాక్టర్ చెప్పింది నాకు ఎరుకే. నేను జబ్బు మాట అంటలేను."

తుకారాం సుమిత్ర వైపు చూశాడు. ఆమె కూతురి వైపు చూసింది. సృజన లేచి అత్త దగ్గరికి పోయి పాపను అందుకుంది. పాప గింజుకుంది, వెనక్కి వాలింది. సృజన వదల్లేదు. లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసింది. తలుపు వేసే ముందు తల్లిని చూసిందో లేదో సుమిత్రకు సరిగ్గా తెలియలేదు. కళ్లల్లో నీళ్లు ఆగడం లేదు.

*

ఎంగేజ్‌మెంట్ జరగలేదు. తుకారాం సుమిత్రను అంతా అడిగి తెలుసుకుని, మల్కాజ్‌గిరి పోయి హిమజ తండ్రికి తనే చెప్పాడు. వాళ్లు గొడవ చేయలేదు. హిమజ మాత్రం కిషన్‌కు ఫోన్ చేసి, ముందే చెబితే చేసుకునేదాన్నో లేదో తెలియదు గానీ, టీకా నాకే తెలియకుండా ఎట్లా ఇప్పిద్దామనుకున్నావని అడిగిందట. ఈ మాట కిషన్ చెప్పలేదు, తుకారాం చెప్పాడు.

కిషన్ మందు రాయడం మానేశాడు. రోలర్‌ను ఎవరు పారేశారో ఎవరూ అడగలేదు. మందు మానిన కొన్ని నెలలకు మొలిచింది మొలిచినట్టే రాలింది. తల్లితో మాట్లాడేవాడు కాదు. కంచం, గ్లాసు తనే వేరు చేసుకున్నాడు. అక్కర్లేదురా, కంచంతో రాదని డాక్టరమ్మ చెప్పిందని సుమిత్ర అంటే విననట్టు ఉండేవాడు. బ్రహ్మచారి మూడు దువ్వెనలు కొనుక్కొచ్చి వాటికి మూడు రంగుల దారాలు కట్టి డబ్బాలో వేశాడు. ఆయన ఆ విషయం మీద చెప్పిందీ చేసిందీ అంతే.

ఆర్నెల్ల పరీక్షలో సృజనకు జబ్బు పోయిందని వచ్చింది. రాజు దుకాణం నుంచి ఫోన్ చేసి చెప్పాడు. "సాఫ్ అయింది అత్తమ్మా," అన్నాడు.

"మరి ఇప్పుడన్న పంపుతరా రాజూ? ఒక్క పూట."

"అమ్మ జబ్బు మాట అనలేదు గద అత్తమ్మా," అన్నాడు.

ఒకసారి మాత్రం సృజన మోండా మార్కెట్‌కు కూరగాయలకని వచ్చి తల్లిని అక్కడికి పిలిచింది. ఇద్దరూ ఉల్లిగడ్డల దుకాణం పక్కన నిలబడి మాట్లాడుకున్నారు. సృజన కణతల దగ్గర చిన్న వెంట్రుకలు నిటారుగా లేచి ఉన్నాయి. బాలింత జుట్టు ఏడాదిలో దానంతటదే వస్తుందని, ఏమీ చేయకపోయినా వస్తుందని డాక్టరమ్మ చెప్పిందట.

"పాప ఎట్లున్నది?"

"నడుస్తుంది. నానమ్మ కాడికే ఉరుకుతది. రాత్రి నా దగ్గరనే పంటది గానీ."

"నన్ను తిట్టరాదే ఒకసారి."

"తిట్టి ఏం జేసుకోవాలె అమ్మా," అంది సృజన. సంచీ చెయ్యి మార్చుకుంది. "నువ్వు చెప్పకపోతే ఆ ఇంట్లకెళ్లి అప్పుడే పోతుంటి. చెప్పినవ్. ఇట్లయింది." బస్సు వస్తుందని పోయింది.

మరుసటి ఏడు వానాకాలం దాటాక కిషన్‌కు ఆకలి మందగించింది. ఒకరోజు పొద్దున సుమిత్ర వాకిలి ఊడుస్తుంటే వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"లివర్ డాక్టర్ దగ్గరికి పోవాలె," అన్నాడు. ఎన్ని నెలల తర్వాతో ఆమెతో అన్న మొదటి మాట అది. "నువ్వొస్తవా?"

చీపురు గోడకు ఆనించి, చెయ్యి కడుక్కుని, చీర మార్చుకుంది.

డాక్టర్ పెద్దాయన. కిషన్ చెప్పిందంతా విన్నాడు, పరీక్షలు రాశాడు. ఇది ఉందని ఎప్పుడు తెలిసింది అని అడిగితే కిషన్ నిజమే చెప్పాడు. రెండేళ్లు ఎందుకు ఆగావు అని డాక్టర్ అడగలేదు. అలాంటివాళ్లను చూసి ఉంటాడు. మందు వాడాల్సి వస్తే ఎక్కువకాలం వాడాల్సి ఉంటుందని, వాడకపోయినా ఆరు నెలలకోసారి చూపించుకోవాలని చెప్పి, సుమిత్ర వైపు తిరిగాడు.

"ఇంట్లో అందరికీ పరీక్ష చేయాలమ్మా. లేనివాళ్లకు టీకా వేయాలి. ఎంతమంది ఉంటారు?"

"ముగ్గురం సార్."

"పెళ్లయిన ఆడపిల్లలు ఎవరైనా ఉన్నారా? వచ్చిపోతుంటారా ఇంటికి?"

కిషన్ నేల వైపు చూస్తున్నాడు. అతని నడినెత్తి మళ్లీ కనిపిస్తోంది.

"ఒక బిడ్డ ఉన్నది," అంది సుమిత్ర. "రాదు."

డాక్టర్ మూడు అని రాసుకున్నాడు.